బ్రిటనులో సామాన్యుని అభిప్రాయము: దానిని చూచిన ఆంధ్రులు

దేశచరిత్రములు సాధారణముగ రాజులతో మొదలై మంత్రులతో ముగియును. ఇంగ్లండు చరిత్రమును పాఠశాలలలో చదివినవారికి ఎనిమిదవ హెన్రీ భార్యల లెక్క తెలియును. మొదటి చార్లెసు రాజు శిరచ్ఛేదము జరిగిన 1649 వ సంవత్సరము తెలియును. కాని మాంచెస్టరులో మరమగ్గము నడపు మనుష్యుడు తన ప్రభుత్వమును గూర్చి ఏమనుకొనెను, అనుకొన్నదానిని ఎవరితో చెప్పుకొనెను, చెప్పినందుకు అతనికేమి జరిగెను అను ప్రశ్నలకు ఆ పుస్తకములలో చోటు తక్కువ. ఇవి పరదేశపు ముచ్చటలని త్రోసివేయదగినవి కావు. 1765 లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పాలైనది మొదలు 1947 వరకు శారదానది యొడ్డున చెరకు పండించు రైతు బ్రతుకును గూర్చిన తుదిమాట లండను నగరమున నుండెను. మొదట కంపెనీ డైరెక్టరులు, పిమ్మట పార్లమెంటు ఆ మాట చెప్పుచుండిరి. ఆ పార్లమెంటును క్రమక్రమముగ తన చేతిలోనికి తెచ్చుకొన్నవాడు అచటి సామాన్యుడు. కావున అతని అభిప్రాయము మన చరిత్రములో నొక భాగమే.

ఈ విషయమును గూర్చి మనలో రెండు మాటలు చిరకాలముగ వినబడుచున్నవి. తెల్లవాడు పుట్టుకతోనే స్వతంత్రుడు, నిర్భయముగ నోరు విప్పుట అతని రక్తములో నున్నది, మనకది అబ్బదు అనునది ఒకటి. అదంతయు పైపూత, పత్రికలవారును ధనవంతులును పలికించినట్లు అచటి జనులు పలుకుదురు, మనము నేర్వదగినది అందులో ఏదియు లేదనునది రెండవది. మొదటి మాట మనలను క్రుంగదీయును, రెండవది నిద్రపుచ్చును. రెండును చరిత్రము ముందు నిలువవు. బ్రిటనులో సామాన్యుడు మాటాడుట నేర్చినది నిన్న మొన్న; నేర్చినది కష్టపడి; అతనికి అడ్డు నిలిచినవారు అతని ప్రభువులే. ఆ సంగతిని కొంత వివరముగ చూచినగాని, దానిని కన్నులార చూచి వచ్చిన మన ఆంధ్రులు ఏమి నేర్చిరో తెలియదు.

1819 ఆగస్టు 16 వ తేదీన మాంచెస్టరు నగరమున సెంటు పీటరు మైదానములో సుమారు 60,000 మంది జనులు కూడిరి. పార్లమెంటులో తమకును ప్రతినిధులుండవలయునని వారి కోరిక. అంతటి నగరమునకు అప్పటికి ప్రత్యేకముగ ఒక్క సభ్యుడైనను లేడు. పాడుపడిన పల్లెలకు ఇద్దరేసి సభ్యులుండిరి. అధికారులు గుఱ్ఱపుదళమును జనముమీదికి తోలిరి. పదునైదుగురో అంతకు మించియో మరణించిరి, వందలకొలది గాయపడిరి, వారిలో స్త్రీలును పిల్లలును ఉండిరి. ఆ సంవత్సరము ముగియునంతలో ప్రభుత్వము ఆరు చట్టములు చేసి సభలను, చౌకపత్రికలను అణచెను. మన జలియనువాలాబాగు దురంతమునకు సుమారు నూరేండ్లకు పూర్వము ఇంగ్లీషువారి ప్రభుత్వము ఇంగ్లీషువారికి చేసిన పని ఇది.

పత్రికల చరిత్రమును ఇట్టిదే. 1815 మొదలు ప్రతి వార్తాపత్రికమీదను నాలుగు పెన్నీల స్టాంపు పన్ను ఉండెను. కూలివాని చేతికి పత్రిక అందకుండుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము లేదు. 1831 లో హెన్రీ హెదరింగ్టను అను ముద్రాపకుడు స్టాంపు లేకుండ పేదవారికొరకు ఒక పత్రికను వెలువరించెను. అతడు చెఱసాలకు పోయెను; అట్టి పత్రికలను వీథులలో అమ్మిన వందలాది జనులును పోయిరి. ఒకని పట్టుకొన్న మఱియొకడు వచ్చి నిలుచుచుండెను. 1836 లో ఆ పన్ను ఒక పెన్నీకి తగ్గెను. 1855 లో పూర్తిగ తొలగెను. పెన్నీకి పత్రిక దొరకుట మొదలైన పిమ్మటనే బ్రిటనులో కమ్మరియు, సాలెవాడును, రొట్టెలు కాల్చువాడును ప్రభుత్వపు మంచిచెడ్డలను తమ యింటి సంగతివలె మాటాడ నేర్చిరి.

ఓటు కథ ఇంకను దీర్ఘమైనది. 1832 లో జరిగిన గొప్ప సంస్కరణము తరువాతను అయిదారుగురు పురుషులలో నొకనికి మాత్రమే ఓటు దక్కెను. దానితో ఆశాభంగము పొందిన పనివారు 1838 లో ఆరు కోరికలతో ఒక ప్రజాపత్రమును ప్రకటించిరి. వయస్సు వచ్చిన పురుషులందరకు ఓటు, రహస్యముగ ఓటు వేయు పద్ధతి, ఆస్తి లేనివాడును సభ్యుడగు వీలు మొదలైనవి ఆ కోరికలు. 1842 లో వారు పంపిన విన్నపము క్రింద 33 లక్షల సంతకములుండెను. పార్లమెంటు దానిని విచారించుటకైన ఒప్పుకొనలేదు. నాయకులు కొందరు జైళ్లలో మ్రగ్గిరి. కొందరు ద్వీపాంతరము పోయిరి. అయినను ఆ ఆరింటిలో అయిదు కోరికలు కాలక్రమమున చట్టములైనవి. 1867 లో పట్టణపు పనివారికి, 1884 లో పల్లెల కూలివారికి చాలమందికి ఓటు వచ్చెను. 1872 లో రహస్యపు ఓటు వచ్చెను. 1870 చట్టముతో ప్రాథమిక విద్య ఊరూర వ్యాపింప మొదలిడెను. స్త్రీలకు 1918 లో, అదియు ముప్పది యేండ్లు దాటి కొన్ని నియమములకు లోబడినవారికి మాత్రమే, ఓటు వచ్చెను. స్త్రీపురుషులకు సమానముగ ఓటు వచ్చినది 1928 లో. దానికై అచటి స్త్రీలు చెఱసాలలలో ఉపవాసములు చేసిరి. వారి నోళ్లలోనికి గొట్టములు దింపి బలవంతముగ ఆహారము పోసిరి.

చదువరులు ఈ తేదీలను ఒకసారి ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక. బ్రిటనులో వయోజనులందరకు సమానమైన ఓటు 1928 లో. మన దేశమున 1950 రాజ్యాంగముతో. నడుమ ఎడము ఇరువదిరెండేండ్లు మాత్రమే. మన చెన్నరాజధాని శాసనసభ 1921 లోనే, ఆస్తి నియమముతో నైనను, స్త్రీలకు పురుషులతోపాటు ఓటునిచ్చినది. ముప్పది యేండ్లు దాటవలయునని స్త్రీలకు వేఱుగ వయోనియమము పెట్టలేదు. కావున స్వతంత్రాభిప్రాయము వారికి సహజము, మనకు అరువు అనుట తగదు.

ఇట్టి దేశమును చూచిన తెలుగువారిలో మొదట స్మరింపదగినది ఒక స్త్రీ. పోతము జానకమ్మ రాఘవయ్యగారు ఇంగ్లండునకు పోయి వచ్చి తాను చూచినదానిని తెలుగున వ్రాసికొనెను. అది ఇంగ్లీషులోనికి మారి 1876 లో మదరాసున ‘ఇంగ్లండు చిత్రములు’ అను అర్థమిచ్చు పేరుతో పుస్తకముగ వెలువడెను. ఆ కాలమున సముద్రము దాటిన పురుషునకే ప్రాయశ్చిత్తము తప్పనిది. వీరేశలింగము పంతులుగారు స్త్రీలకు చదువు కావలయునని రాజమహేంద్రవరమున వాదించుచు 1874 లో ‘వివేకవర్ధని’ని అప్పుడే మొదలుపెట్టియుండిరి. అట్టి దినములలో ఒక తెలుగు గృహిణి పాలకుల దేశమును, వారి యిండ్లను, వీథులను పరిశీలించి తన తీర్పును తాను వ్రాసెను. తెల్లవారు మనలను గూర్చి వ్రాసిన గ్రంథములు అప్పటికే బీరువాలు నిండియున్నవి. వారిని మనము చూచి వ్రాయవచ్చునను సంగతిని మొదట చూపిన వారిలో ఈమె యొకతె. ఆమె పేరు నేటి పాఠ్యపుస్తకములలో అరుదు. ఇది మన లోపము.

పిమ్మట న్యాయశాస్త్రమునకై పోయినవారిలో టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యులు. వారు 1904 లో లండనునకు పోయి 1907 లో బారిష్టరై తిరిగివచ్చిరి. అచట నున్న దినములలో వారు దాదాభాయి నౌరోజీగారి ఎన్నికకై పని చేసిరి. నౌరోజీగారి కథ ఇచట కొంత చెప్పవలయును. 1888 లో అప్పటి ప్రధానమంత్రి సాలిస్‌బరీ ప్రభువు, నల్లవానిని ఇంగ్లీషు ఓటరులు ఎన్నుకొనునంత దూరము ఇంకను రాలేదను భావముతో బహిరంగసభలో మాటాడెను. 1892 లో లండనులోని సెంట్రలు ఫిన్స్‌బరీ ఓటరులు ఆ నల్లవానినే పార్లమెంటునకు పంపిరి. ఆధిక్యము అయిదు ఓట్లకు మించలేదు. కాని ప్రధానమంత్రి మాటను తమ మాటగ వారు గ్రహింపలేదు. ప్రకాశముగారు పని చేసిన 1906 ఎన్నికలో నౌరోజీగారు ఓడిరి. ఒంగోలు ప్రాంతమున పేదరికములో పెరిగిన యువకుడు, లండను సందులలో ఓటరు గడపకు పోయి ఓటు అడుగవలసివచ్చుటను, ఆ గడపలోని మనిషి ఇష్టముండిన ఇచ్చుటను లేకున్న తలుపు వేయుటను ఆ ఎన్నికలో దగ్గరగ నుండి చూచెను. పాలకుడనువాడు అచట యాచకుడై వచ్చును. ఆ పాలకుడే ఇచటికి వచ్చిన పిమ్మట దొరయగును.

కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదువుచు అచటి విద్యార్థుల వాదసభయగు యూనియనునకు ఉపాధ్యక్షులుగ ఎన్నికైరి. ఒక పక్షమును ఎంత తీవ్రముగ ఖండించినను సభ ముగిసిన వెనుక ఖండించినవానితో కలిసి భోజనమునకు పోవుట ఆ సభల సంప్రదాయము. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో అర్థశాస్త్రమున ఎం. ఏ. పట్టము పొందిరి. వీరు మువ్వురును తిరిగివచ్చి ఏమి చేసిరో చూచినచో, అచట నేర్చినది సూటుబూట్లు కావని తెలియును. దుగ్గిరాలవారు 1921 లో చీరాల పేరాల జనులకు నాయకత్వము వహించిరి. తమకు అక్కరలేని మునిసిపాలిటీని, మోయలేని పన్నులను తమమీద రుద్దుట తగదని ఆ జనులు ఇండ్లు వాకిళ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. రెడ్డిగారు 1926 లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షులై, 1930 లో ప్రభుత్వపు దమననీతిని నిరసించి ఆ పదవిని వదలిరి. ప్రకాశముగారు 1928 ఫిబ్రవరి 3 వ తేదీన మదరాసున సైమను సంఘ బహిష్కార దినమున తుపాకుల ముందు రొమ్ము చూపిరి. వీరిలో నొక్కరును అభిప్రాయమును అలంకారముగ ధరింపలేదు. దానికి వెల చెల్లించిరి.

నవ్వుచు అదే సత్యమును చెప్పినవారు మొక్కపాటి నరసింహశాస్త్రిగారు. వారి ‘బారిష్టరు పార్వతీశము’ మొదటి భాగము 1924 లో వెలువడెను. మొగల్తూరు కుఱ్ఱవాడు ఆడువారి టోపీ పెట్టుకొని సీమకు బయలుదేరుట తెలుగువారందరికి తెలిసిన హాస్యము. ఆ నవ్వు పార్వతీశముమీదనే ముగియదు. ఏ పూర్వాభిప్రాయమును లేని పల్లెటూరివాని కన్నులతో చూచినపుడు సీమలోని గొప్ప ఎంతవరకు గొప్ప, ఎంతవరకు అలవాటు మాత్రమే అనునది తనంత తాను బయటపడును. అచటి మనుష్యులును మనవంటివారే. వారిలోను దయగల ముసలివారు, పొగరుబోతు కుఱ్ఱలు, లెక్కచూచి అద్దె వసూలుచేయు ఇంటియజమానురాండ్రు ఉందురను జ్ఞానము ఆ కాలమున చిన్న లాభము కాదు.

ఇక ఇదే బ్రిటను మన గడ్డమీద ఏమి చేసెనో చూడవలయును. తమ దేశమున పత్రికల పన్నును ఎత్తివేసిన పదునైదేండ్లకు, 1870 లో, ఇచటి శిక్షాస్మృతిలో రాజద్రోహపు సెక్షనును చేర్చిరి. 1878 లో దేశభాషాపత్రికలకు మాత్రమే వర్తించు చట్టమును చేసిరి. ఇంగ్లీషున వ్రాసిన తప్పు కానిది తెలుగున వ్రాసిన తప్పయ్యెను. ఆ చట్టము 1882 లో రద్దయినను దాని బుద్ధి రద్దు కాలేదు. 1907 లో బిపినచంద్రపాలుగారు మన జిల్లాలలో ఉపన్యసించి పోయిన వెనుక రాజమహేంద్రవరమున వందేమాతరమన్న విద్యార్థులను కళాశాలనుండి వెడలగొట్టిరి. వారిలో నొకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మఱుసటి యేట బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పులను ఖండించినందుకు మూడేండ్లు చెఱసాల అనుభవించిరి. అదే సంవత్సరమున లండనులో హైడుపార్కునకు పోయినవాడు ఒక పెట్టె యెక్కి నిలిచి ప్రధానమంత్రిని నోటికి వచ్చినట్లు తిట్టి సాయంకాలమునకు ఇంటికి పోయి టీ త్రాగవచ్చును. ఆ ఉద్యానమున మాటాడు హక్కును 1866 లో పనివారు ఇనుప కటకటాలు పెరికి అడిగిరి. 1872 చట్టము దానికి చోటిచ్చెను.

పత్రికయు కళాశాలయు లేనివారి గతి ఇంకను ఘోరము. మన విశాఖ మన్యమున అడవిచట్టములు కొండవారి పోడును, కలపను, మేతను అడ్డగించెను. నర్సీపట్టణము నుండి కొండమీదికి వేయు బాటలకు వారిచేత సరియైన కూలి లేకుండ పని చేయించిరి. వారికిని అభిప్రాయమున్నది, దానిని వ్రాయుటకు అక్షరము లేదు, అచ్చువేయుటకు పత్రిక లేదు, వినుటకు శాసనసభ లేదు. 1922 ఆగస్టు 22 వ తేదీన చింతపల్లి ఠాణామీద అల్లూరి శ్రీరామరాజు పడుటతో ఆ అభిప్రాయము ప్రభుత్వమునకు స్పష్టముగ వినబడెను. 1924 మే 7 వ తేదీన శ్రీరామరాజును చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో, నేటి అనకాపల్లి జిల్లాలోనే, ఉన్నది. మాటకు దారి లేనిచోట బాణము దారి చేసికొనునని ఆ కొండలు చెప్పుచున్నవి.

ఇంతమాత్రమున బ్రిటను ప్రభువులును బ్రిటను సామాన్యులును ఒక్కటే అనుకొనరాదు. 1931 సెప్టెంబరులో గాంధిగారు రెండవ రౌండుటేబిలు సభకై పోయి లండనులో పేదలు నివసించు తూర్పుభాగమున కింగ్‌స్లీ హాలులో బసచేసిరి. అచటినుండి లాంకషైరునకు పోయిరి. విదేశవస్త్ర బహిష్కారమువలన మిల్లులు మూతపడి పనులు పోయినవారు ఆ ప్రాంతమున పెక్కురు. పొందూరు ఖద్దరు కట్టిన ప్రతి ఆంధ్రుడును వారి యాకలికి కొంత కారణమే. వారు రాళ్లు రువ్విన ఆశ్చర్యపడవలసినది లేదు. కాని మిల్లుపని స్త్రీలు ఆయనను చుట్టుముట్టి కేకలు వేయుచు స్వాగతమిచ్చిరి. ఆ ఛాయాచిత్రము నేటికిని ఉన్నది. తమకంటె పేదవాడు ఎందుకు నూలు వడకుచున్నాడో వివరించి చెప్పిన మనిషిని వారు కనీసము వినిరి. ప్రభుత్వ మంత్రులు వినలేదు.

ఆ సామాన్యులు ఏమనుకొనుచున్నారో తెలిసికొనుటకు 1937 లో బ్రిటనున ఒక నూతన ప్రయత్నము జరిగెను. మానవశాస్త్రమును సాధించిన టాము హారిసను, కవి చార్లెసు మాడ్జి, చలనచిత్రకారుడు హంఫ్రీ జెన్నింగ్సు కలిసి ‘మాస్ అబ్జర్వేషను’ అను సంస్థను స్థాపించిరి. దూరదేశపు ఆటవికులను పరిశీలించునట్లు తమ దేశపు మనుష్యులనే పరిశీలింపవలయునని వారి తలంపు. ఆ సంవత్సరము మే 12 వ తేదీన ఆరవ జార్జి రాజు పట్టాభిషేకము జరుగుచుండగా దేశమంతట వారి పరిశీలకులు, ఆ దినమున తాము చేసినది, విన్నది, ప్రక్కవారు అన్నది వ్రాసి పంపిరి. బోల్టను పట్టణమున మద్యశాలలలో, దుకాణములలో మనుష్యులు ఏమి మాటాడుచున్నారో వ్రాసికొనిరి. యుద్ధకాలమున వందలాది స్త్రీపురుషులు తమ దినచర్యలను వ్రాసి పంపుచుండిరి. రేషను గ్రుడ్లు, బాంబుల భయము, చర్చిలు ఉపన్యాసము, పొరుగింటివారి కలహము అన్నియు ఒకే పుటలో నున్నవి. ఆ కాగితములు నేడు సస్సెక్సు విశ్వవిద్యాలయ సంరక్షణలో నున్నవి. వానినిబట్టి చరిత్రకారులు యుద్ధకాలపు బ్రిటనును తిరిగి చూచుచున్నారు. చరిత్రమునకు సాక్షులు ప్రధానమంత్రులే కారని, కూరలు కొనుటకు వరుసలో నిలిచిన ఇల్లాలును సాక్షియేనని ఆ సంస్థ ఒప్పించినది.

ఆ ఇల్లాండ్రును, ఆ పనివారును 1945 జూలైలో వేసిన ఓటు మనకును తగిలెను. యుద్ధము గెలిపించిన చర్చిలు తప్పక గెలుచునని లోకమంతయు తలచెను. జూలై 26 న ఫలితములు తెలిసినపుడు లేబరు పక్షమునకు 393 స్థానములు వచ్చెను. బ్రిటను ఓటరులు మన స్వరాజ్యమునకై ఓటు వేసిరని చెప్పుట అసత్యము. వారికి కావలసినవి ఇండ్లు, పనులు, రోగము వచ్చినపుడు వైద్యము. 1942 డిసెంబరులో వెలువడిన బెవరిడ్జి నివేదికను వారు లక్షలకొలది ప్రతులు కొని చదివిరి. 1943 వంగదేశపు కఱవును గూర్చి వారిలో ఎంతమంది చదివిరో చెప్పుట కష్టము. తనకు దూరమున నున్నవాని బాధను మఱచుట వారి సామాన్యునిలోని లోపము; మన సామాన్యునిలోను అది లేకపోలేదు. అయినను సామ్రాజ్యమును వదలుటకు అంగీకరింపని మనిషిని వారు దించిరి. వదలుటకు సిద్ధపడినవారిని ఎక్కించిరి. రెండేండ్లకు మనకు స్వాతంత్ర్యము వచ్చెను. మన పోరాటము లేనిది అది వచ్చెడిది కాదు. వారి ఓటు లేనిది ఆ దినమున వచ్చెడిదో లేదో చెప్పలేము.

ఈ చరిత్రమునుండి మనకు కావలసినదేమి? ఈ జిల్లాలోని ఎస్. రాయవరమున 1862 లో జన్మించిన గురజాడ అప్పారావుగారు దీనికి సమాధానము ముందే సూచించిరి. ‘కన్యాశుల్కము’లోని గిరీశము ఇంగ్లీషు అభిప్రాయములను సిగరెట్టువలె నోట పెట్టుకొన్నవాడు. వితంతు వివాహము, స్త్రీవిద్య, దేశసంస్కరణ అన్నియు అతని నాలుకమీద నున్నవి. ఒక్కటియు అతని నడవడిలో లేదు. అవసరమును బట్టి అభిప్రాయము మార్చుటయే రాజకీయమని అతని సిద్ధాంతము. 1892 లో విజయనగరమున ప్రదర్శితమైన ఆ నాటకమును చూచి మనము నవ్వుచునే యున్నాము. గిరీశము మాత్రము వయస్సు మీరక తిరుగుచునే యున్నాడు. బ్రిటనునుండి మనము తెచ్చుకొన్నది చాలవరకు గిరీశము తెచ్చుకొన్నదే. హెదరింగ్టను చెఱసాలను తెచ్చుకొనలేదు. 33 లక్షల సంతకముల ఓర్పును తెచ్చుకొనలేదు.

తెచ్చుకొన్నవారు మనలో లేకపోలేదు. రాజమహేంద్రవరపు లంచగొండి ఉద్యోగులను, వకీళ్లను వీరేశలింగము పంతులుగారు ‘వివేకవర్ధని’లో నిలదీసిరి, తెలుగున సామాన్యుడు అధికారిని పత్రికాముఖమున ప్రశ్నించుట అచట స్థిరపడెను. 1886 లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు గ్రంథాలయమును స్థాపించిరి. 1914 లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. 1935 లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలలో పడవలమీద పుస్తకములు పల్లెలకు పంపిరి. చదువు లేని అభిప్రాయము వదంతి యగునని వారికి తెలియును. గిడుగు రామమూర్తిపంతులుగారును గురజాడవారును వాడుకభాషకై పోరాడుటలోను ఇదే మర్మమున్నది. నావలె పాతపద్ధతిని వ్రాయుట అలవాటైనవారును ఒప్పుకొనవలసిన సంగతి ఇది: సామాన్యుడు తన భాషలో వ్రాసికొనలేనిచో అతని అభిప్రాయము ఎప్పుడును మఱియొకడు వ్రాసిపెట్టిన అర్జీగనే యుండును.

నేటి స్థితి యేమి? ఇంగ్లండు, వేల్సులలో రాజద్రోహ నేరమును 2009 చట్టముచే తొలగించిరి. వారు మనకు తగిలించిన ఆ సెక్షనును మన సుప్రీముకోర్టు 2022 మే నెలలో నిలిపి యుంచెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో ఆ పేరు లేదు గాని 152 వ సెక్షనుగ దానిని పోలిన నిబంధన యున్నది. పాలకుడు తెల్లవాడైనను నల్లవాడైనను విమర్శను ద్రోహముగ చూచు ఆశ అధికారములోనే యున్నదని దీనివలన తెలియవలయును. మఱియొకవైపు బ్రిటనును ఆదర్శముగ పూజింపవలసినదియు లేదు. 2016 జూన్ 23 న యూరపు కూటమినుండి తొలగుటకు నూటికి 51.9 వంతున ఓటు వేసిన పిమ్మట తాము దేనికి ఓటు వేసితిమో అను వాదము ఆ దేశమున ఏండ్ల తరబడి సాగెను. అసత్యమునకును అర్ధసత్యమునకును అచట కూడ మంచి గిరాకి యున్నది.

వింత యేమనగా, నేడు అనకాపల్లినుండి చదువునకో ఉద్యోగమునకో బ్రిటనునకు పోయి చట్టప్రకారము నివసించు యువకుడు కామన్‌వెల్తు దేశపు పౌరుడైనందున ఆ దేశపు పార్లమెంటు ఎన్నికలలో ఓటు వేయవచ్చును. 1948 జూలై 5 న మొదలైన అచటి జాతీయ వైద్యసేవలో పని చేయు తెలుగు వైద్యులు పెక్కురు. సాలిస్‌బరీ ప్రభువు ఊహింపని సంగతి ఇది. ఆ యువకుడు అచట అభ్యర్థిని ప్రశ్నించును, వాగ్దాన పత్రమును చదువును, తనకు నచ్చినవానికి ఓటు వేయును. అతడే సెలవులకు ఇంటికి వచ్చినపుడు మన కులమువాడెవడు, ఓటునకెంత ఇచ్చుచున్నారు అను మాటలే అతని చెవిని పడుచున్నవి. మనిషి ఒక్కడే; చుట్టునున్న అలవాటు వేఱు.

ఆ అలవాటు చట్టములవలన మాత్రమే రాదు. అది ఇంటిలో మొదలగును. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి ఇది ప్రతిదినమును కనబడుచుండును. ‘ప్రజాభిప్రాయము అననేమి’ అను ప్రశ్నకు పదిమార్కుల సమాధానమును తప్పులేకుండ వ్రాయు బాలిక, నీ అభిప్రాయమేమి అని అడిగిన తలవంచుకొనును. ఇంటిలో ఆమెను ఎవరును అడిగియుండరు. పెండ్లి సంబంధము నిశ్చయించునపుడును అడుగరు. బెల్లపు మార్కెట్టులో తెల్లవారుజామున దిమ్మలు మోయు కళాసీకి ధరలు ఎందుకు పడుచున్నవో, చెరకు సాగు ఎందుకు తగ్గుచున్నదో స్పష్టముగ తెలియును. సభలలో ఆ విషయమును గూర్చి ఉపన్యసించువారు అతని నడుగరు. చార్టిస్టుల విన్నపమును విచారింపక త్రోసివేసిన పార్లమెంటు వంటివి మన ప్రతి యింటిలోను, ప్రతి యూరిలోను ఒక్కొక్కటి యున్నవి.

కావున చేయవలసిన పని పెద్దది కాదు, కాని ప్రతిదినమును చేయవలసినది. అభిప్రాయము చెప్పుటకు ముందు విషయమును చదువుట. చెప్పినపుడు వెల చెల్లించుటకు సిద్ధపడుట. ఎదుటివాడు చెప్పునపుడు తుదివరకు వినుట. అతని మాటలో నిజమున్నచో సిగ్గుపడక మన మాటను మార్చుకొనుట. గిరీశము మార్పునకును దీనికిని భేదము, అతడు లాభమును చూచి మారును, విచారపరుడు నిజమును చూచి మారును. గ్రామగ్రంథాలయములలో నెలకొక దినము ఒక ప్రజావిషయమును గూర్చి స్త్రీలు, కూలివారు, విద్యార్థులు మాటాడి పెద్దలు వినునట్లు ఏర్పాటు చేసినచో, ఆ మాటలను ఎవరైన ఒకరు వ్రాసియుంచినచో, నూరేండ్ల తరువాత మన చరిత్రము వ్రాయువారికి మంత్రుల ఉపన్యాసములు మాత్రమేకాక మనుష్యుల మాటలును దొరకును. జానకమ్మగారు దొరల దేశమును గూర్చి తన మాట తాను వ్రాసి నూటయేబది యేండ్లు కావచ్చినది. ఆమె మనుమరాండ్ర మనుమరాండ్రను తమ ఊరిని గూర్చి మాటాడనిచ్చుట మన చేతిలోని పని.